బనీను మీద బొమ్మ – బొమ్మ వెనుక బాధ్యత

సావనీరుకు ఏదైనా రాసివ్వమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు "విద్యార్థులు – జాతి నిర్మాణం" అనో, "నేటి యువత ఎటు?" అనో నాలుగు పేజీలు నింపి ఇచ్చేద్దామనుకున్నాను. ఏటా ఆ రెండు వ్యాసాలూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. జాతి నిర్మాణం ఇంకా సాగుతూనే ఉంది. యువత ఎటు పోయిందో ఇంతవరకూ ఆచూకీ లేదు. అంచేత ఈసారికి ఆ బరువు దింపుకొని, క్లాసుకీ, మెస్సుకీ, తార్నాక చౌరస్తాకీ మనం తొడుక్కుని తిరిగే టీ-షర్టు గురించి, దాని మీద ఉండే బొమ్మ గురించి రాస్తున్నాను. ఇదేం సబ్జెక్టయ్యా అని పేజీ తిప్పెయ్యకండి. ఈ బొమ్మ మూలంగా లాలాపేటలో ఒక మనిషి నష్టపోయాడు. ఆ నష్టం చేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

రెండేళ్ల కిందటి మాట. ఫేర్‌వెల్‌కు మా బ్యాచ్ అంతా ఒకే రకం టీ-షర్టులు వేసుకోవాలని తీర్మానించాం. ఆర్ట్స్ కాలేజీ బొమ్మ వేద్దామని కొందరు, వీపు మీద అందరి పేర్లూ వేద్దామని కొందరు. ఆ రెండూ ప్రతి బ్యాచ్ వాళ్లూ వేస్తున్నవే. ఆ రోజుల్లో బస్సు దిగిన చోటల్లా ఒక శిక్షణ సంస్థ వారి హోర్డింగులు కనబడేవి. ర్యాంకర్ల ఫొటోలు తపాలా బిళ్లల్లాగా వరుసలు వరుసలు. పైన తెరిచిన పుస్తకంలోంచి ఉదయిస్తున్న సూర్యుడు. కింద "మీ గెలుపే మా గమ్యం" అని పెద్ద అక్షరాలు. మాలో చాలామందిమి ఆ గుమ్మం తొక్కినవాళ్లమే. ఇంట్లో అప్పు చేసి ఫీజు కట్టి, మధ్యలో మానుకుంటే ఒక్క రూపాయి తిరిగి రాక, చేతులు ఊపుకుంటూ వచ్చినవాళ్లమే. ఆ కడుపుమంట ఒక రాత్రి హాస్టల్ గదిలో బొమ్మయింది. సూర్యుడి స్థానంలో రూపాయి బిళ్ల పెట్టాం. తెరిచిన పుస్తకం తెరిచిన పర్సు అయింది. కింద అవే రంగులు, అవే అక్షరాల ఒంపు: "మీ జేబే మా గమ్యం."

గది కప్పు ఎగిరిపోయేలా నవ్వుకున్నాం.

అచ్చు వేయించడానికి లాలాపేటలో ఒక సందులో ఉన్న స్క్రీన్ ప్రింటింగ్ షాపుకు పోయాం. ఒకటే షట్టర్, రెండు బల్లలు, తాడు మీద ఆరేసిన చేతిసంచులు, మూలన పెళ్లికార్డుల కట్టలు. ఆ అన్న మా డిజైన్ను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"తమ్మీ, బొమ్మ మంచిగనే ఉంది. గానీ గిది గా కోచింగోళ్ల బోర్డు లెక్కనే ఉన్నది గదా. ఏం గాదు గదా?"

"ఏం గాదన్నా, అక్షరాలు మార్చినం గదా!" అన్నాం ధీమాగా. లా చదువుతున్నవాడు మాలో ఒక్కడూ లేడు.

అరవై టీ-షర్టులు వేశాడు. సగం డబ్బు అడ్వాన్సు ఇచ్చాం. నలభై ఒకటి పంచుకున్నాం. పంతొమ్మిది షాపులోనే ఉన్నాయి, వాటి వాళ్లు ఇంకా డబ్బు కట్టలేదు. ఫేర్‌వెల్ నాడు తీసిన గ్రూపు ఫొటో ఫోన్ల ద్వారా ఊరంతా తిరిగింది. ఫొటో కింద ఒక మిత్రుడు కృతజ్ఞతతో అచ్చు వేసిన షాపు పేరు రాశాడు. మా పేర్లు మాత్రం ఎవరివీ రాయలేదు. ఆ తరువాత వారం తిరక్కముందే ఇద్దరు మనుషులు వకీలు ఉత్తరం పట్టుకొని వచ్చారు. మా దగ్గరికి కాదు, ఆయన దగ్గరికి. తయారు చేసిన ఫ్రేములూ, మిగిలిన పంతొమ్మిది టీ-షర్టులూ పట్టుకుపోయారు. ఇకమీదట ఇలాంటి పని చేయనని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. వాళ్లకు తెలిసిన ఒక స్కూలు నుంచి ఆయనకు రావలసిన సంచుల ఆర్డరు కూడా పోయింది.

మాకీ సంగతి తెలిసేసరికి పరీక్షలు మొదలయ్యాయి. పరీక్షలు అయ్యాక, పదిహేను రోజులకు, మొహాలు వేలాడేసుకుని పోయాం. ఆయన మమ్మల్ని తిట్టలేదు. "పరీక్షలు మంచిగ రాసినరా తమ్మీ?" అని అడిగాడు. తిడితే బాగుండుననిపించింది.

అప్పటినుంచి నాకు ఒకటే ప్రశ్న. మేం చేసింది తప్పా? తప్పయితే ఏది తప్పు? బొమ్మ వెయ్యడమా, ఇంకేదైనానా?

★ ★ ★

ఈ సంగతి ఒక అధ్యాపకుల దగ్గర ఎత్తితే, "ఇంకొకరు కష్టపడి సంపాదించుకున్న గుర్తును తీసుకొని వెకిలి చెయ్యడం దొంగతనమే" అన్నారు. ఒక సీనియర్‌ను అడిగితే, "భావప్రకటన స్వేచ్ఛ! రాజ్యాంగం చదవలేదా?" అని గద్దించాడు. ఇద్దరి మాటలోనూ సగం సగం నిజం ఉందని నా అభిప్రాయం. ఎందుకంటే, పైకి ఒకేలా కనిపించే మూడు రకాల పనులను మనం ఒకే గాటన కడుతున్నాం.

ఒక సాయంత్రం తార్నాక చౌరస్తాలో నిలబడి, వచ్చేపోయే వాళ్ల టీ-షర్టులు చూడండి. మొదటి రకం, అచ్చం కంపెనీ గుర్తే ఉంటుంది గానీ కంపెనీ సరుకు కాదు. ఇది నకిలీ. కొన్నవాడు మోసపోతాడు, లేదా తెలిసే కొని పక్కవాణ్ణి మోసగిస్తాడు. రెండో రకం, పేరులో ఒక అక్షరం అటో ఇటో అయి ఉంటుంది. అడిడాస్ బదులు అబిబాస్. ఇందులో హాస్యం ఏమీ లేదు. అచ్చువేసినవాడి ఉద్దేశం మనల్ని నవ్వించడం కాదు, ఆ గుర్తు తళుకు కాస్త వాడుకొని, పట్టుబడితే "మాది వేరే పేరండీ" అనడం. మూడో రకం, దూకుతున్న పులి బదులు బొజ్జ పెంచిన పిల్లి కునుకు తీస్తూ ఉంటుంది. చూసినవాడు ముందు పులి అనుకుంటాడు, మరుక్షణం పిల్లిని చూసి నవ్వుతాడు. మోసం ఒక్క క్షణమే. ఆ క్షణం తరువాత మోసం బయటపడాలి, బయటపడితేనే నవ్వు. దీన్నే పేరడీ అంటారు.

పేరడీ మనకు కొత్తేమీ కాదు. జలసూత్రం రుక్మిణీనాథ శాస్త్రి గారు, అదే మన జరుక్ శాస్త్రి గారు, శ్రీశ్రీ వంటి సమకాలిక కవులకు పేరడీలు కట్టి తెలుగువాళ్లందరినీ నవ్వించారు. మూలం కంఠతా ఉన్నవాడికే ఆ పేరడీ రుచి తెలుస్తుంది. కవి ఒడుపు, ఊపు, పదాల పొందిక తన చేతిలోకి తెచ్చుకుంటే తప్ప ఆ పని చేయడం సాధ్యం కాదు. మొన్న మొన్న 2012లో వచ్చిన 'సుడిగాడు' సినిమాలో అల్లరి నరేష్ మన హీరోలందరి ధోరణినీ అనుకరిస్తే హాళ్లలో ఈలలు వేసింది ఆ హీరోల అభిమానులే కదా!

లోగో పేరడీ కిటుకు కూడా ఇదే. రంగు, ఆకారం, అక్షరాల తీరు: ఈ మూడూ ఉంటే పేరు చదవకముందే కన్ను గుర్తుపడుతుంది. కంపెనీలు కోట్లు గుమ్మరించి మన కంటికి ఈ అలవాటు నేర్పించాయి. పేరడీ చేసేవాడు ఆ అలవాటును అప్పు తీసుకొని, అక్షరాలు మార్చి, మన చేతనే ఇంకో మాట చదివిస్తాడు. గోడల మీద, బస్సుల మీద, సినిమా విరామంలో, ఫోనులో ఆ గుర్తు మన అనుమతి అడక్కుండా మన కళ్లలో పడుతూనే ఉంది. దానికి జవాబు చెప్పే హక్కు మనకు ఇసుమంతైనా ఉండొద్దా?

★ ★ ★

ఈ విద్యకు ఒక పెద్ద బడి అమెరికాలోని స్కేట్‌బోర్డు. నాలుగు చక్రాలు బిగించిన చెక్కపలక. దాని మీద నిలబడి కుర్రాళ్లు మెట్ల మీదా, గట్ల మీదా విన్యాసాలు చేస్తారు. బొమ్మ ఉండేది పలక అడుగున. ఎగిరినప్పుడు కనిపిస్తుంది, ఇనుప కమ్మీల మీద, సిమెంటు అంచుల మీద జారి జారి త్వరలోనే గీకుకుపోతుంది. పలక విరిగితే కొత్తది, కొత్త బొమ్మ. ఎలాగూ చెరిగిపోయే బొమ్మ గనుక గీసేవాడికి భయం తక్కువ.

1980లలో అక్కడ పావెల్ పెరాల్టా అనే కంపెనీది పెద్ద పేరు. వెర్నన్ కోర్ట్‌లాండ్ జాన్సన్ అనే చిత్రకారుడు వారి పలకల మీద గీసిన పుర్రెలు, ఎముకలు ఆ కుర్రాళ్లకు దేవుడి పటాలతో సమానం. 1987లో స్టీవ్ రాకో అనే ఆటగాడు వరల్డ్ ఇండస్ట్రీస్ అనే కంపెనీ పెట్టాడు. దాని నీడన 1989లో మార్క్ గొంజాలెస్ అనే ఆటగాడు ఇంకో కంపెనీ మొదలుపెట్టాడు. అతను అంతకుముందు ఆడింది "విజన్" అనే కంపెనీకి. విజన్ అంటే చూపు. కొత్త కంపెనీకి అతను పెట్టిన పేరు "బ్లైండ్", అంటే గుడ్డి! పాత యజమానికి ఒక్క మాటలో జవాబు. ఆ తరువాత మార్క్ మెకీ వంటి చిత్రకారుల చేత పావెల్ వారి పవిత్రమైన పుర్రెలనే వెక్కిరిస్తూ పలకలు వేశారు. పెద్ద కంపెనీల నుంచి వకీలు నోటీసులు రావడం వారికి మామూలు. ఒక బొమ్మకు నోటీసు వచ్చేలోగా ఇంకో బొమ్మ బజారులో ఉండేది.

ఇంతవరకూ వింటే భలే అనిపిస్తుంది. చిన్నవాడు పెద్దవాణ్ణి ఎకసెక్కం ఆడాడు, గెలిచాడు. కానీ కథ అక్కడితో ఆగలేదు.

1994లో న్యూయార్కులో సుప్రీమ్ అనే స్కేట్‌బోర్డు కొట్టు తెరిచారు. ఎర్ర పట్టీ మీద తెల్లక్షరాలు దాని గుర్తు. ఆ ఎరుపు, ఆ అక్షరాలు ఎక్కడివి? వస్తువ్యామోహాన్ని ఎద్దేవా చేస్తూ బార్బరా క్రూగర్ అనే చిత్రకారిణి అంతకు ముందునుంచీ అదే తీరులో పని చేస్తున్నది. కొనడం మీద విసిరిన విసురు కొనుగోలు గుర్తయి కూర్చుంది! 2000లో సుప్రీమ్ వారు లూయీ విటాన్ అనే ఫ్రెంచి సంచుల కంపెనీ వారి పూల అక్షరాల నమూనాను అనుకరించి పలకలు వేశారు. నోటీసు వచ్చింది, పలకలు వెనక్కి తీసుకున్నారు. సరిగ్గా 17 సంవత్సరాలకు, 2017లో, అదే లూయీ విటాన్ వారు పారిస్ ప్రదర్శనలో సుప్రీమ్‌తో చేతులు కలిపి ఇద్దరి గుర్తులూ వేసిన పెట్టెలు, చొక్కాలు, పలకలు విడుదల చేశారు. నాడు నోటీసు, నేడు నెయ్యం.

అసలు చమత్కారం వీటి మధ్య ఉంది. 2013లో ఒక చిన్న మహిళా దుస్తుల సంస్థ సుప్రీమ్ మాట పక్కన ఆడవాళ్లను తిట్టే ఒక మాట చేర్చి, ఆ మగ ధోరణిని వెక్కిరించే టీ-షర్టు అమ్ముతుంటే, సుప్రీమ్ వారు కోటి డాలర్లకు దావా వేశారు! చివరికి రాజీ అయింది, అది వేరే సంగతి. ఒకరి తీరు తెచ్చుకొని, ఇంకొకరి నమూనా వాడుకొని ఎదిగినవాడికి తన మీద నవ్వు పడేసరికి కోర్టు గుర్తొచ్చింది. 2020లో ఆ కొట్టును వీఎఫ్ అనే సంస్థ 210 కోట్ల డాలర్లకు కొన్నది. 2024లో కళ్లద్దాల కంపెనీ ఎస్సిలార్‌లక్సోటికా 150 కోట్ల డాలర్లకు కొన్నది. మీసాల మీద నవ్వే పిల్లవాడికి మీసాలు రావడానికి ఎంతసేపు?

కాబట్టి మిత్రులారా, వెక్కిరింపు గదా అని ప్రతి వెక్కిరింపుకూ హారతి పట్టనక్కరలేదు. అది ఎవరి మీద, ఎందుకు, చివరికి లాభం ఎవరికి అన్నవి చూడాలి.

★ ★ ★

ఇక చట్టం సంగతి. దెబ్బ తిన్నాక చదివింది కాబట్టి బాగా గుర్తుంది.

దక్షిణాఫ్రికాలో కార్లింగ్ బ్లాక్ లేబుల్ అనే బీరు ఉంది. లాఫ్ ఇట్ ఆఫ్ అనే చిన్న సంస్థ ఆ సీసా చీటీని టీ-షర్టు మీద వేసింది. బ్లాక్ లేబుల్ బదులు బ్లాక్ లేబర్, అంటే నల్లవారి కష్టం. కార్లింగ్ బీర్ బదులు వైట్ గిల్ట్, అంటే తెల్లవారి పాపభారం. దాని కింద 1652 నుంచీ సాగుతున్న దోపిడీ అన్న అర్థం వచ్చే మాటలు. 1652 అంటే డచ్చివారు కేప్ తీరంలో కాలుపెట్టిన ఏడు. బీరు కంపెనీ వారు కోర్టుకు వెళ్లారు. కింది రెండు కోర్టుల్లోనూ గెలిచారు. 2005 మే నెలలో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం ఏకగ్రీవంగా ఆ తీర్పును కొట్టివేసింది. ఈ టీ-షర్టు వల్ల మీ బీరు అమ్మకానికి హాని కలిగే అవకాశం ఉందని మీరు రుజువు చేయలేదు గదా, మరి ఆ కుర్రాళ్ల నోరెందుకు మూయించాలి అని తేల్చింది. చట్టానికి హాస్యం తెలుసా అన్న ప్రశ్నను జస్టిస్ ఆల్బీ శాక్స్ తన విడి తీర్పులో ఎత్తుకున్నారు. వర్ణవివక్ష మీద పోరాడి, బాంబు దాడిలో కుడిచెయ్యి పోగొట్టుకున్న మనిషి ఆయన. అలాంటి మనిషి నవ్వును అంత గంభీరంగా పట్టించుకున్నాడంటే ఆలోచించవలసిన విషయమే.

మన దేశంలో 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టంలో పేరడీకని విడిగా మినహాయింపు రాసి లేదు. పేరున్న గుర్తును "తగిన కారణం" లేకుండా వాడి అన్యాయంగా లాభపడినా, ఆ గుర్తు పరువుకు హాని చేసినా తప్పని 29వ సెక్షన్ చెబుతుంది. మరి తగిన కారణం అంటే ఏమిటి? ఒడిశాలో ధామ్రా రేవు కడుతుంటే సముద్రపు తాబేళ్లకు ముప్పని గ్రీన్‌పీస్ వారు ఒక కంప్యూటర్ ఆట తయారు చేశారు. అందులో తాబేలును వెంటాడే భూతాల మీద టాటా వారి గుర్తు. టాటా వారు 10 కోట్ల రూపాయలకు ఢిల్లీ హైకోర్టులో దావా వేసి, ఆ ఆటను వెంటనే ఆపించమన్నారు. 2011 జనవరిలో జస్టిస్ రవీంద్ర భట్ దాన్ని ఆపడానికి నిరాకరించారు. గుర్తు గలవాడి నడవడి మీద విమర్శ చెయ్యడానికి ఆ గుర్తునే వాడటం తగిన కారణం కావచ్చునన్నది ఆ తీర్పు సారాంశం. అంతకు ముందు 1996లో కేరళ హైకోర్టు కూడా, తోప్పిల్ భాసి గారి ప్రసిద్ధ కమ్యూనిస్టు నాటకానికి సివిక్ చంద్రన్ రాసిన ప్రతినాటకాన్ని ఆపడానికి ఒప్పుకోలేదు. మూలంలోని పాత్రలు, మాటలు తీసుకున్నా, తీసుకున్నది విమర్శ కోసమే గనుక.

దీనికి రెండో పక్క కూడా ఉంది. అమెరికాలో జాక్ డేనియల్స్ విస్కీ సీసాను వెక్కిరిస్తూ ఒక కంపెనీ కుక్కలు కొరుక్కునే రబ్బరు బొమ్మ అమ్మింది, "బ్యాడ్ స్పానియల్స్" అన్న పేరుతో. 2023 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు తొమ్మిదికి తొమ్మిది మందీ ఒక్క మాట మీద నిలిచారు. ఎదుటివాడి గుర్తును మార్చి దాన్నే నీ సరుకుకు గుర్తుగా పెట్టుకుంటే, పేరడీ అన్నంత మాత్రాన భావస్వేచ్ఛ పేరుమీద ప్రత్యేకమైన రక్షణ దొరకదు. జనం పొరబడతారా లేదా అన్న మామూలు లెక్కలోనే నీ పేరడీని తూస్తాం అన్నారు.

ఈ తీర్పులన్నీ దగ్గర పెట్టుకుని చూస్తే నాలాంటి లా చదవనివాడికి అర్థమైంది ఇది. ఎదుటివాడి గుర్తుతో ఎదుటివాడి గురించి మాట్లాడితే నీకు నిలబడే చోటు ఉంది. ఎదుటివాడి గుర్తుతో నీ కొట్టు నడిపితే ఆ చోటు ఇరుకవుతుంది. మా రూపాయి బిళ్ల టీ-షర్టు మొదటి రకానికే చెందుతుందని ఇప్పటికీ నా నమ్మకం. ఆ సంస్థ గుర్తు తీసుకుని ఆ సంస్థ ఫీజు గురించే మాట్లాడాం. కోర్టు దాకా పోతే గెలిచేవాళ్లమేమో. కానీ లాలాపేట సందులో షట్టర్ ముందు నిలబడ్డ ఆ అన్నకు ఢిల్లీ హైకోర్టు తీర్పు ఎవరు చదివి వినిపిస్తారు? వకీలు ఉత్తరం గెలవాలంటే కేసు గెలవనక్కరలేదు. చిన్నవాడు భయపడితే చాలు.

★ ★ ★

రెండక్షరాలు మార్చడం ఎంత పెద్ద పనో ఈ ప్రాంతం వాళ్లకు వేరే చెప్పాలా? 2009 నుంచి సాగిన ఉద్యమ కాలంలో బండ్ల నంబరు ప్లేట్ల మీద ఏపీ తుడిచేసి టీజీ రాసుకున్నవాళ్లు ఎందరో! చట్టం లెక్కన అది తప్పే. నంబరు ప్లేటు మీద సొంత అక్షరాలు రాసుకునే వీలు ఎవరికీ లేదు. అది పేరడీ కూడా కాదు, ఎవరినీ నవ్వించడానికి రాసింది కాదు. కానీ పని చేసిన పద్ధతి ఒకటే. సర్కారు గుర్తును అలాగే ఉంచి, రెండక్షరాలు మార్చి, ఆ గుర్తు చేతనే తన మాట చెప్పించడం. 2014లో రాష్ట్రం వచ్చాక టీఎస్ అన్నారు. 2024 మార్చిలో మళ్లీ టీజీ అయింది. ఒకనాడు పోలీసు ఆపి అడిగిన అక్షరాలు ఇవాళ ఆర్టీయే ఆఫీసు వారే ఇస్తున్నారు.

అక్కడ ఒక తేడా గమనించండి. ప్లేటు మీద అక్షరాలు మార్చినవాడు ఆ బండి తానే నడిపాడు. ఆపితే తానే ఆగాడు, జరిమానా పడితే తానే కట్టాడు. మా టీ-షర్టు విషయంలో బొమ్మ గీసింది మేము, తొడుక్కుని తిరిగింది మేము; దొరికింది మాత్రం అచ్చువేసినవాడు. ఇన్నాళ్లూ వెతుకుతున్న తప్పు నాకు ఇక్కడ కనిపించింది. బొమ్మలో కాదు, బొమ్మ కింద మా పేర్లు లేకపోవడంలో.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఆ రాత్రి మేము గీసిన బొమ్మలు రెండు. రెండోది మెస్సులో వడ్డించే ఒక పెద్దాయన మొహం. ఒక ప్రసిద్ధ కోడివేపుడు కంపెనీ గుర్తులోని ముసలాయన స్థానంలో ఈయన్ని కూర్చోబెట్టి, నీళ్లచారు మీద ఒక జోకు. దానికీ అంతే నవ్వాం, ఇంకా ఎక్కువే నవ్వామేమో. మరునాడు ఒక జూనియర్ అమ్మాయి ఆ కాగితం చూసి, "అన్నా, చారు నీళ్లయింది ఆయన వల్లనా? ఆయనకు జీతమెంతో తెలుసా మీకు?" అంది. నోరు మూతపడింది. ఆ కాగితం చింపేశాం. కోడివేపుడు కంపెనీకి ఆ బొమ్మతో ఏమీ కాదు. నోటీసు ఇచ్చే తాహతు లేని ఆ పెద్దాయన మాత్రం రోజూ మా పళ్లాల్లో వడ్డిస్తూ, మా ఛాతీల మీద తన మొహం చూసుకోవలసి వచ్చేది. వకీలు దగ్గరికి పోగలిగినవాడి మీద నవ్వడంలో కాస్తో కూస్తో ధైర్యం ఉంది. పోలేనివాడి మీద నవ్వడం ర్యాగింగే. టీ-షర్టు మీద వేస్తే దానికి రంగులు వస్తాయంతే.

★ ★ ★

పెద్దలు అడగవచ్చు. ఇంత తలనొప్పి ఎందుకు, మీ బొమ్మేదో మీరే గీసుకోవచ్చు గదా, ఎరువు తెచ్చుకున్న గుర్తులతో పనేమిటి అని. న్యాయమైన ప్రశ్నే. నూటికి తొంభై సార్లు అదే చెయ్యాలి. ఆర్ట్స్ కాలేజీ కమానుల్లో, ల్యాండ్‌స్కేప్ గార్డెన్ చెట్లలో, తార్నాక బస్టాపులో కావలసినన్ని బొమ్మలున్నాయి. కానీ మిగిలిన పది సార్లకు సొంత బొమ్మ చాలదు. హోర్డింగు మీద వాడు వేసిన సూర్యుడికి జవాబు ఆ సూర్యుడితోనే చెప్పాలి. ఆ హోర్డింగు పక్కన ఇంకో హోర్డింగు కట్టే డబ్బు మన దగ్గర లేదు. ఉన్నదల్లా మన ఛాతీ, ఒక బనీను, రెండు రంగులు.

కనుక కాలేజీ పెద్దలకు నా మనవి. ఇలాంటి టీ-షర్టు కనబడగానే క్రమశిక్షణ సంఘానికి పంపకండి. ఎవరు గీశారో పిలిచి, దాని అర్థమేమిటో అడగండి. అర్థం చెప్పగలిగితే వాడికి చదువు వచ్చినట్టే. చెప్పలేకపోతే వాడే సిగ్గుపడతాడు. క్యాంపస్‌లోని లా కాలేజీ మిత్రులకు ఇంకో మనవి. ఏటా మూట్ కోర్టుల్లో ఎక్కడెక్కడి కేసులో వాదిస్తారు. ఒక సాయంత్రం కేటాయించి లాలాపేట, తార్నాక, సీతాఫల్‌మండిలో అచ్చుపని చేసుకునే వాళ్లను పిలిచి, ఏది నకిలీయో ఏది పేరడీయో, నోటీసు వస్తే ఏం చెయ్యాలో తెలుగులో చెప్పండి. పూర్వ విద్యార్థుల్లో వకీళ్లు ఉన్నారు, ఒక్క ఉత్తరానికి జవాబు రాసిపెడితే ఒక షట్టర్ నిలబడుతుంది.

ఇక నా తోటి విద్యార్థులకు. బొమ్మ వెయ్యండి. వెయ్యొద్దనను. వేసేముందు ఎవరి గుర్తో వాడి గురించే మాట్లాడుతున్నామా, వాడు జవాబు చెప్పగలవాడేనా అని ఒక్కసారి చూసుకోండి. అచ్చువేసే ఆయనకు పూర్తి డబ్బు ముందే ఇవ్వండి. కింద అంచున చిన్న అక్షరాలతోనైనా సరే గీసినవాళ్ల పేర్లు వెయ్యండి. పేరు వెయ్యడానికి భయమేస్తే ఆ బొమ్మ వెయ్యకండి. మన భయాన్ని ఇంకొకడి షట్టర్ వెనుక దాచడం స్వేచ్ఛ కాదు.

మేము బాకీ పడ్డ డబ్బు తరువాత చందాలు పోగుచేసి కట్టేశాం. పోయిన ఆర్డరు మాత్రం తిరిగి రాలేదు. ఈ ఏడు మా విభాగం టీ-షర్టుల కోసం మళ్లీ ఆ సందులోకే పోయాను. బల్ల మీద ఆయన ఫ్రేము తుడుస్తున్న గుడ్డ ఎక్కడో చూసినట్టనిపించింది. దగ్గరికి పోయి చూస్తే మా టీ-షర్టే. అచ్చు చెడిపోయిందని పక్కన పడేసింది ఒకటి పట్టుకుపోయినవాళ్ల కంట పడలేదట. ఇంకు మరకల మధ్య రూపాయి బిళ్ల సగం కనబడుతోంది.

కొత్త డిజైన్ చేతికిచ్చాను. అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఈసారి ఎవలిది తమ్మీ?"

"మాదే అన్నా. కింద చూడు, పేర్లున్నయ్."

చదువుకున్నాడు, ఒక్కొక్క పేరూ వేలు పెట్టి. పదకొండు ఉన్నాయి. తలూపి, "ఎన్ని వెయ్యాలె?" అన్నాడు.